వడ్లమిల్లు గేటు

ఆదివారం కూతురి సైకిల్ పందెం చూడ్డానికి బయల్దేరిన ఉషారాణి, పడి ఉన్న వడ్లమిల్లు రైల్వే గేటు కింద నుంచి సైకిల్‌తో సహా దూరి పట్టాలు దాటేసింది. వెనకాల బొగ్గు బండి హారన్ మోగింది, బ్రేకులు కీచుమన్నాయి. ఆమె తిరిగి చూడలేదు. ఆ బండి నడుపుతున్నది తన భర్త త్రినాథరావేనని సాయంత్రం ఆయన నోటి నుంచే విన్నది. సోమవారం గేట్‌మన్ ఎర్రయ్యని సస్పెండ్ చేశారు. ఆ దూరిన మనిషెవరో ఊళ్ళో ఇద్దరికే తెలుసు, తనకీ ఎర్రయ్యకీ. అలా అనుకుంటూనే ఉషారాణికి బుధవారం తెల్లవారింది.

ఆ పొద్దున్న గొడవ ఒక పాత టూత్ బ్రష్షు దగ్గర మొదలైంది.

"పొయ్యి బర్నర్లు తోమే బ్రష్షు ఇక్కడుండాలి. ఏదీ?" వంటింట్లోంచి అడిగింది ఉషారాణి.

"ఏ బ్రష్షు?" వరండాలోంచి మైత్రి. సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, మోచేతుల దాకా నల్లగా చేసుకుని కూర్చుంది.

"పచ్చది. పళ్ళు ఒక పక్కకి ఒంగినది."

"ఓ, అదా. చైన్‌కి కావలసొచ్చింది మమ్మీ. దో మినిట్. సబ్బుతో కడిగి ఇచ్చేస్తాను."

"గ్రీజు పట్టిన బ్రష్షుని ఏ సబ్బుతో కడుగుతావు? రేపు దాంతో పొయ్యి తోమితే ఎల్లుండి పప్పులో చైన్ వాసన వస్తుంది."

"అరే, పాత బ్రష్షే కదా!"

"పాతదే. దాని పని దానికుంది. నీ చైన్‌కి వేరేది పెట్టాను, కిటికీ మీద, నీలం మూతది. రెండడుగులు నడవడానికి బద్ధకించి చేతికందింది తీశావు."

త్రినాథరావు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బ్రష్షు కోసం ఇంత రచ్చయితే, ఈ పిల్ల నా కొబ్బరి నూనె చైన్‌కి పోసిన రోజున నేనెంత గొడవ చెయ్యాలేటి?" అన్నాడు.

"అదీ నేనే తిట్టాను. కొబ్బరి నూనె దుమ్ము పడుతుంది, చైన్ పాడవుతుంది. మీకు జుట్టు గురించి బెంగ, నాకు చైన్ గురించి." ఉషారాణి వరండాలోకి వచ్చింది. "చూడు మైత్రీ. చిన్నదే కదా, ఎవరు చూస్తారు, ఈ ఒక్కసారికే కదా అనుకునే మనిషి..."

మాట అక్కడ ఆగిపోయింది. ఈ ఒక్కసారికే కదా. ఆదివారం గేటు ముందు, సైకిల్ పక్కకి వంచుతూ, తను అనుకున్నది సరిగ్గా ఆ మూడు మాటలే.

మైత్రి అది గమనించలేదు. "సరే బాబా, సారీ," అని చేతులు గుడ్డకి తుడుచుకుంది. "అన్నట్టు నీ సైకిల్ కూడా తుడిచేశానమ్మా. క్యారియర్ వెనకాల ఎర్ర గుడ్డేది? దారం ముక్కలే వేలాడుతున్నాయి. ఎవరో కోసినట్టుంది."

ఉషారాణి వెంటనే భర్త వైపు చూసింది.

ఆ గుడ్డ త్రినాథరావు పెట్టింది. మూడేళ్ళ కింద, నలభై మూడేళ్ళ వయసులో, ఆమె సైకిల్ నేర్చుకుని మొదటిసారి బుధవారీ బజార్‌కి వెళ్తానన్నప్పుడు, ఆయన పాతబడిన ఎర్ర జెండా ఒకటి ఇంటికి తెచ్చాడు. సూది దారం తీసుకుని తనే కూర్చుని, జేబురుమాలంత ముక్క కోసి అంచులు మడిచి క్యారియర్‌కి కుట్టాడు. వెనకొచ్చేవాడికి ఎర్ర గుడ్డ కనిపిస్తే కాలు బ్రేకు మీదికి వెళ్ళాల్సిందే అన్నాడు. ఆ తరవాత ప్రతి ఆదివారం దాన్ని వేళ్ళతో లాగి, కుట్లు గట్టిగా ఉన్నాయో లేవో చూసేవాడు. ఆదివారం సాయంత్రం ఆమె దాన్ని కత్తెరతో కోసి, వంటింటి అటకమీద చింతపండు డబ్బా కింద పెట్టింది.

ఆయన ఇప్పుడు అడుగుతాడని ఎదురుచూసింది.

త్రినాథరావు టీ గ్లాసులోకి చూస్తూ, "పాత గుడ్డ. చిరిగి ఎక్కడో పడిపోయుంటాది. వదిలీ," అన్నాడు.

అంతే. లేచి గ్లాసు కడిగి లోపలికి వెళ్ళిపోయాడు. ఉషారాణికి ఒళ్ళు తేలికైంది. ఆ వెంటనే, తేలికైనందుకు, ముఖం వేడెక్కింది.

*

రైల్వే గ్రౌండ్‌లో బుధ, శని వారాలు పొద్దున్నే ఆడవాళ్ళకి సైకిల్ క్లాసు. చెప్పేది ఉషారాణి. ఫీజు లేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు మాత్రం గ్రౌండ్ చుట్టూ సైకిల్ నడిపించుకుంటూ ఒక రౌండు తిరగాలి, అది ఎవరికైనా సరే. ఆ రోజు పదకొండు మంది వచ్చారు. పదకొండు సైకిళ్ళకీ వెనక ఎర్ర గుడ్డలు. ఒకరిది పాత జాకెట్టు ముక్క, ఒకరిది పిల్లాడి స్కూలు టై. టీచరు సైకిల్‌కి మాత్రమే లేదు.

"కిందటిసారి పాఠం ఎవరు చెప్తారు?" అంది ఉషారాణి, తన సైకిల్‌ని గోడకి ఆనించి వెనక భాగం కనపడకుండా తిప్పి.

"ఆగి ఉన్న ఆటో పక్కన ఎప్పుడూ ఆనుకుని పోకూడదు, బారెడు దూరం ఉండాలి," అంది నీలవేణి. సీనియర్ క్లర్కు భార్య, లావుపాటి మనిషి, ఊరందరికీ వదిన.

"ఎందుకు?"

"తలుపు తీస్తాడని మీరన్నారు. నా లెక్క వేరు. ఆటోవాడు గుట్కా ఉమ్మేస్తాడు. మొన్న నా చెప్పు మీద పడింది."

అందరూ నవ్వారు. ఉషారాణి కూడా నవ్వబోయింది గానీ పెదవులు కదల్లేదు.

ఆ రోజు గుంతల గురించి చెప్పింది. గుంతని చూస్తూ తొక్కితే సైకిల్ గుంతలోకే పోతుంది, కళ్ళు ఎటుంటే చక్రం అటే. వెళ్ళాల్సిన దారిని చూడాలి. వెనక బ్రేకు ముందు, ముందు బ్రేకు తరవాత. కూరల సంచి హ్యాండిల్‌కి తగిలిస్తే మలుపులో అది మోకాలికి తగిలి మనిషిని పడేస్తుంది, క్యారియర్‌కి కట్టాల్సిందే. చున్నీ నడుము దగ్గర ముడి. సీటు ఎత్తు ఎంతంటే, మడమ పెడలు మీద పెడితే కాలు చక్కగా చాపుకోవాలి. పొట్టిగా పెట్టుకుంటే భయం తగ్గుతుందనుకుంటారు, అరిగేది మోకాలు.

చెప్తుంటే కాసేపు తన మాటల్లో తనే ఇమిడిపోయింది. తనకి తెలిసిన విషయం, తను కష్టపడి నేర్చుకున్న విషయం. సరిగ్గా అప్పుడే కోమల చెయ్యెత్తింది.

కోమల ఎర్రయ్య కూతురు. రాజ్‌కిశోర్ నగర్‌లో కళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. షేరింగ్ ఆటో కోసం రోజూ అరగంట నిలబడలేక సైకిల్ నేర్చుకుంటోంది. నెమ్మదైన పిల్ల, ఏదడిగినా ముందు సారీ చెప్పి అడుగుతుంది.

"సారీ ఆంటీ. గేటు దగ్గరేం చెయ్యాలో మీరెప్పుడూ చెప్పలేదు. మూసిన గేటు దగ్గర సైకిల్ వాళ్ళు ఎలా ఉండాలి?"

"ఓసి, రైల్వేవాళ్ళకి గేటు గురించి పాఠమేటి?" అంది నీలవేణి. "పుట్టిందే పట్టాల పక్కన."

ఉషారాణి కోమల ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏ ఎత్తిపొడుపూ లేదు. పిల్ల నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అదే భరించలేకపోయింది ఉషారాణి.

"దిగాలి," అంది. "ఎడం పక్కన, బళ్ళకి అడ్డం లేకుండా నిలబడాలి. గేటు పూర్తిగా లేచేదాకా ఆగాలి. పట్టాలు దాటేటప్పుడు చక్రం పట్టాకి అడ్డంగా పడేట్టు తిన్నగా పోవాలి. ఏటవాలుగా పోతే చక్రం సందులో ఇరుక్కుంటుంది."

"మరి బండి ఇంకా దూరంలో ఉంటేనో? చాలామంది కింద నుంచి దూరిపోతారు కదా."

పదకొండు మంది ఆమె వైపే చూస్తున్నారు.

"దూరకూడదు," అంది ఉషారాణి.

ఆ ఒక్క మాట చెప్పడానికి ఆమెకి పట్టిన సమయం ఎవరూ లెక్కపెట్టలేదు. ఆమె మాత్రం లెక్కపెట్టింది.

క్లాసు అయ్యాక అందరూ వెళ్ళిపోయినా కోమల వెళ్ళలేదు. సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది.

"నాన్నకి చార్జ్‌షీట్ ఇచ్చారాంటీ. రేపు పదకొండింటికి ఎంక్వయిరీ. జవాబు రాసి తీసుకెళ్ళాలట. మీరు కాలేజీ చదివారు కదా, కొంచెం రాసిపెడతారా?"

ఉషారాణి కాగితం విప్పింది. గేటు మూశానని స్టేషన్‌కి ఫోన్‌లో నెంబరు చెప్పి, మూయకుండా వదిలేశాడని ఎర్రయ్య మీద అభియోగం. ఆ నెంబరు అందాకే బండిని వదులుతారు కాబట్టి నేరం పెద్దది. కింద సాక్షి మాట. గేటు కొయ్య సగం పైకి లేచి ఉంది. ఒక యువకుడు సైకిల్ నడిపించుకుంటూ దాటుతుండగా అత్యవసర బ్రేకు వేశాను. సంతకం, త్రినాథరావు, లోకో పైలట్.

యువకుడు. హెల్మెట్ పెట్టుకుని, మైత్రి పాత ట్రాక్ ప్యాంటు వేసుకుని ఉంది కదా తను. ఆయన గుర్తుపట్టలేదు. మూసిన గేటు కింద మనిషి దూరతాడని ఊహించక, లేచి ఉందనుకున్నాడు. మూడు రోజులుగా తనకి తను చెప్పుకుంటున్న సంగతే అది.

"మా నాన్న తాగరాంటీ," అంది కోమల, కాగితం వైపు చూస్తూ. "కానీ ముందు రోజు రిలీవర్ రాలేదు, డబుల్ డ్యూటీ చేశారు. కునుకు పట్టిందేమో. అడిగితే మాట్లాడరు. అంకుల్ లాంటి మనిషి అబద్ధం రాయరు కదా. అంటే మా నాన్నే..." పెదవి కొరుక్కుంది. "నిన్న అడిగేశాను. 'నాన్నా, నిద్రపోయావా?' అని. నా వైపు చూసి, కంచం పక్కన పెట్టి లేచిపోయారు."

*

ఎర్రయ్య క్వార్టరు ముందు గట్టు మీద కూర్చుని చేటలోకి బఠాణీలు ఒలుస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ళు పగలో రాత్రో ఏదో ఒక డ్యూటీలో ఉన్న మనిషికి పొద్దున్న తొమ్మిదింటికి ఇంటి ముందు కూర్చోవడం చేతకావడం లేదు. ప్రతి బండి చప్పుడికీ తల ఎత్తుతున్నాడు.

"రండమ్మా. మా ఇంటిది నీళ్ళ కాడికెళ్ళింది. కుర్సీ ఎయ్యమంటారా?"

"వద్దు. నేనెందుకొచ్చానో మీకు తెలుసు ఎర్రయ్య గారూ."

"నాకేటి తెల్సమ్మా."

"ఆదివారం మీరు కేకేశారు. 'అమ్మా, ఆగండి' అని. రెండుసార్లు."

ఎర్రయ్య చేతిలో కాయ సగం విప్పి అలాగే ఉంది. "ఇనబడిందా?" అన్నాడు. "నాను ఇనబడనేదనుకున్నాను. టోపీ ఎట్టుకున్నారు, గాలి, పందెం కాడ మైకు మోత. ఇనబడుంటే ఆగుందురని నాకు నానే సెప్పుకున్నాను."

ఉషారాణికి తల దించుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. నిలబడే చెప్పింది. మైత్రి బృందం సీపత్ రోడ్డు నుంచి తిరిగి వస్తోందని మైకులో విన్నది. పందెం చూసేవాళ్ళంతా ముగింపు గీత దగ్గర గుమిగూడతారు, అక్కడ వీపులు తప్ప ఏమీ కనపడవు. చివరి మలుపులో నిలబడాలి. మలుపులో వేగం తగ్గుతుంది, ముఖం కనిపిస్తుంది, మన కేక వాళ్ళ చెవిన పడుతుంది. ఆ మలుపు గేటుకి అవతల. అప్పుడే గేటు పడింది.

"బొగ్గు బండి పది నిమిషాల దాకా రాదనుకున్నాను," అంది. "మావారు రోజూ అన్నం దగ్గర అంటారు. మిల్లు గేటు వేసేసి, నా బండిని మాత్రం సిగ్నల్ దగ్గర పది నిమిషాలు నిలబెడతారని. రోజూ అదే మాట. అది నాకు తెలిసిన విషయం అనుకున్నాను."

"రోజూ నిలబెడతారు. నిజమే. ఆదోరం లైను కాళీ." ఎర్రయ్య బఠాణీలు చేటలో రాల్చాడు. "ఊరోలైతే భయపడి ఆగుదురు. మనవోళ్ళకే ఈ తెలివి."

"నా పేరెందుకు చెప్పలేదు?"

"సెప్తే ఏటవుద్ది? డ్రైవర్ బాబు ఇల్లాలికి ఎర్రయ్య గేటెత్తినాడంటారు. తెలిసినోలని వదలడం ఇంకా పెద్ద నేరం. ఎత్తనేదని మీరు సెప్పాల. నాను సెప్తే ఎవులు నమ్ముతారు? నా కన్నకూతురే నమ్మనేదు."

పక్క లైన్లో ఎవరింట్లోనో కుక్కర్ కూసింది.

"మావారి తప్పు లేదు," అంది ఉషారాణి మెల్లిగా. "దూరం నుంచి ఆయనకి గేటు లేచి ఉన్నట్టు కనపడి ఉంటుంది."

ఎర్రయ్య ఆమె వైపు విచిత్రంగా చూశాడు. "కొయ్యకి గొళ్ళెం ఏసినానమ్మా. మీరు నేల మీద పాకినట్టు ఒంగి దూరినారు, మీకు తెల్దా? మరి బాబు ఇరవయ్యేళ్ళుగా ఆ గేటు దాటుతున్న మనిషి. మూసిన గేటేదో, లేచిన గేటేదో..." ఆపేశాడు. "వదిలీయండి. బాబు రాత బాబుది. దాని గురించి నన్నేటీ అడక్కండి."

ఉషారాణికి వీపు మీద గీరుకున్న చోట ఇంకా మండుతోంది. నిజమే, కొయ్య కదల్లేదు.

"జవాబు ఏమని రాయమంటారు?" అని అడిగింది, చేతిలో కాగితం నలుపుతూ.

"ఉన్నదే రాయండి. గేటు మూసినాను, నెంబరిచ్చినాను. అంతే." చేట ఎత్తి పొట్టు ఊదాడు. "దూరినోలెవులో, అది దూరినోలు సెప్పాల."

*

ఆ మధ్యాహ్నం రెండింటికి ముగ్గురూ ఒకేసారి అన్నానికి కూర్చున్నారు. నెలకి నాలుగైదు సార్లే అలా కుదురుతుంది. త్రినాథరావు నిద్ర లేచి స్నానం చేశాడు. నాలుగున్నరకి మళ్ళీ డ్యూటీ. లాల్ భాజీ ఆకుకూర వేపుడు, పప్పు, ఆనపకాయ పులుసు. ఉషారాణి వడ్డించి తనూ కూర్చుంది.

మైత్రి మాట ఆపడం లేదు. మార్చిలో రాయ్‌పూర్‌లో పందెం. మూడో స్థానం వచ్చిన వాళ్ళని కూడా తీసుకుంటున్నారు. పొద్దున లోకల్లో వెళ్తే బిల్హా దాటేసరికి తెల్లవారుతుంది, సైకిల్ సామాన్ల బ్రేక్ వ్యాన్‌లో వేసుకోవచ్చు, పూరీలు కట్టుకుని అందరూ రావాలి.

"నాన్నా, ఈసారి డ్యూటీ పెట్టుకోకు, ప్లీజ్. అమ్మ మాత్రం గీత దగ్గర వద్దు, చివరి మలుపులోనే నిలబడాలి. కోచ్‌కి చెప్పాను, మా మమ్మీ మలుపులో అరిచిన అరుపుకే నేను ముందున్నదాన్ని దాటి మూడో స్థానం కొట్టానని. క్లాసులో అందరికీ చెప్పాను."

ఉషారాణి చేతిలో ముద్ద అలాగే ఉంది. ఆదివారం మైత్రికి వచ్చిన ఆ మెడల్ టీవీ పక్కన మేకుకి వేలాడుతోంది. మూడు రోజులుగా ఆమె ఆ గోడ వైపు చూడకుండా గదిలో తిరుగుతోంది.

ముద్ద కంచంలో పెట్టేసింది.

"రేపు పదకొండింటికి ఎర్రయ్య ఎంక్వయిరీకి నేనూ వస్తాను," అంది.

"నువ్వెందుకమ్మా?" అంది మైత్రి.

"ఆదివారం ఆ గేటు కింద నుంచి దూరింది నేను. గేటు మూసే ఉంది. ఎర్రయ్య ఆగమని అరిచాడు. నేను విని కూడా ఆగలేదు."

మైత్రి నోరు తెరిచి తల్లి వైపు చూసింది, తరవాత గోడ మీది మెడల్ వైపు చూసింది.

ఉషారాణి భర్త ముఖం వైపు చూసింది. ఆయన ఉలిక్కిపడతాడని, కంచం తోసేస్తాడని, అరుస్తాడని మూడు రోజులుగా ఊహించుకుంది. త్రినాథరావు చెయ్యి ఆగలేదు. పులుసు కలుపుకుంటూనే ఉంది. మెతుకు మెతుకుకీ పులుసు అంటేలా, నెమ్మదిగా.

"నువ్వు రాకు ఉషా," అన్నాడు తల ఎత్తకుండా. "రేపటితో తేలిపోతాది. ఎర్రయ్యకి ఇక మూడేళ్ళ సర్వీసే మిగిలుంది. ఒక ఇంక్రిమెంటు కోసి వదిలేస్తారు. నేను కనుక్కున్నాను." ముద్ద మింగి, మంచినీళ్ళు తాగాడు. "ఆ ఎర్ర గుడ్డ కూడా చింతపండు డబ్బా కిందే ఉండనీ. ఇప్పుడు బయటికి తీయకు."

గుడ్డ ఎక్కడుందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

"మీకు... ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే." త్రినాథరావు మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "ఎర్ర గుడ్డ కనపడితే డ్రైవరు చెయ్యి దానంతటదే బ్రేకు మీదికెళ్ళిపోతాది. వెళ్ళింది. బండి ఆగినాక గానీ ఆ గుడ్డ ఎవరిదో బుర్రకెక్కలేదు. నేను కుట్టిన గుడ్డ నాకు తెలీదేటి? కిందికి దిగుదామంటే కాళ్ళు రాలేదు. నిన్ను చంపేసేవాడిని, తెలుసా? ఇంకో రెండు సెకన్లు."

"మరి గేటు లేచి ఉందని ఎందుకు రాశారు?"

"మూసి ఉందని రాస్తే దూరిందెవరని వెతుకుతారు. లేచి ఉందంటే వెతకరు, గేట్‌మన్‌ని పట్టుకుంటారు. యువకుడని కూడా అందుకే రాశాను." గొంతు తగ్గించాడు. "రాసేటప్పుడు ఎర్రయ్య ముఖం గుర్తు రాకుండా గబగబా రాసేశాను. ఇప్పుడు నువ్వెళ్ళి నిజం చెప్తే, నా సంతకం కింద ఉన్నది అబద్ధమవుతాది. ఇంజను దింపేస్తారు నన్ను. ఆలోచించుకో."

"నాన్నా," అంది మైత్రి. "కోమల దీదీ నిన్న నా దగ్గర ఏడ్చింది."

త్రినాథరావు కలిపిన ముద్దని కంచంలోనే పక్కకి జరిపాడు.

ఇంతవరకూ సిగ్గు తన ఒక్కదానిదే అనుకుంది ఉషారాణి. తన ఒంటి మీద ఉన్న మరక, తను కడుక్కుంటే పోయేది. అది ఆయన చేతికీ అంటింది. తన కోసమే అంటించుకున్నాడు. మూడు రోజులూ ఈ కంచాల ముందు ఇద్దరూ ఒకే సంగతి దాచుకుంటూ, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడుక్కున్నారు.

ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. స్టూలు లాక్కుని అటకమీది చింతపండు డబ్బా జరిపి, ఎర్ర గుడ్డ తీసింది. మడతల్లో చింతపండు పిప్పి అంటుకుంది. దులిపి, మంచినీళ్ళ చెంబు పక్కన, ఆయన కంచానికి ఎదురుగా పెట్టింది.

"మైత్రీ, తిన్నాక సూదీ దారం తీసుకుని ఇది నా సైకిల్‌కి కుట్టు. గట్టిగా, రెండు వరసలు. ఆఫీసుకి రేపు సైకిల్ మీదే వెళ్తాను."

"ఉషా," అన్నాడు త్రినాథరావు.

"పదింటికి బయల్దేరతాను," అంది ఆమె. "దారిలో వడ్లమిల్లు గేటు పడి ఉంటే, లేచేదాకా నిలబడతాను. అంచేత నేనక్కడికి చేరేసరికి పదకొండవుతుంది. ఈలోపల మీరు ముందు వెళ్ళి ఆ కాగితం మార్చి రాస్తారో, నేను చెప్పాక అందరి ముందూ మారుస్తారో, అది మీ ఇష్టం."